పొయ్యి మీదికి రాకముందే పండే రుచి

జపాన్ పట్టణాల్లో రైల్వేస్టేషను పక్క సందుల్లోనూ, ఇళ్ల వరసల నడుమనూ కనిపించే చిన్న భోజనశాలను షోకుదో అంటారు. గుమ్మానికి నోరెన్ అనే పొట్టి గుడ్డతెర వేలాడుతుంటుంది. లోపల పది పదిహేను మంది పట్టే చోటు, వంటవాడికి ఎదురుగా కూర్చుని తినేందుకు ఒక పొడవాటి బల్ల, గోడమీద ఆనాటి వంటకాల పేర్లు ఉంటాయి. కూర్చోగానే చేతులు తుడుచుకోవడానికి తడి తువ్వాలు, తాగడానికి మంచినీళ్లో వేడి టీయో వస్తాయి. ఇక్కడ ఎక్కువమంది అడిగేది తేషోకు. ఒక గిన్నె అన్నం, మిసో అనే పులియబెట్టిన సోయా ముద్దతో చేసిన ఒక గిన్నె చారు, ఉప్పు రాసి కాల్చిన చేపో వేయించిన పంది మాంసమో, చిన్న పింగాణీ గిన్నెలో టోఫూ, రెండు మూడు ఊరగాయ ముక్కలు, అన్నీ ఒకే పళ్లెంలో అమర్చి ఇచ్చే పూర్తి భోజనం అది. ధర వెయ్యి యెన్‌లకు అటూ ఇటూ ఉంటుంది. బయటి దేశాలకు సుషీ పేరే ఎక్కువగా తెలిసినా, జపాన్‌లో రోజూ బయట తినే ఉద్యోగుల ఆకలి తీర్చే చోట్లలో షోకుదో ముఖ్యమైనది.

తెలుగు భోజనానికి అలవాటు పడినవారికి ఆ పళ్లెం బోసిగా కనిపిస్తుంది. తాలింపు ఉండదు, కారం ఉండదు, మసాలా ఉండదు. కాల్చిన చేప తేషోకులో నూనె కూడా దాదాపు ఉండదు. అడిగిన కాసేపటికే పళ్లెం ముందుకు వచ్చేస్తుంది. అయినా తిన్న తర్వాత నిండైన రుచి నాలుక మీద చాలాసేపు నిలుస్తుంది. తెలుగు వంటలో రుచి ఎక్కువగా పొయ్యి మీద, అందులోనూ చివరి నిమిషాల్లో తయారవుతుంది. కాగిన నూనెలో ఆవాలు, ఇంగువ, కరివేపాకు పడ్డాకగానీ పప్పుకు పప్పు రుచి రాదు. తేషోకులో రుచి పొయ్యి దాకా రాకముందే సిద్ధమై ఉంటుంది. చేప పొగలోనూ, సోయా గింజ పీపాలోనూ, కూరగాయ తవుడులోనూ ముందుగానే మారి వస్తాయి. ఆ మార్పుల్లో ఎక్కువ భాగం ఒకే తీరులో జరుగుతుంది. నాలుకకు అందని పెద్ద అణువులు తెగి, అందే చిన్న అణువులవుతాయి. పిండిపదార్థం నుంచి చక్కెరలు, మాంసకృత్తుల నుంచి అమైనో ఆమ్లాలు, కణాల్లో శక్తిని మోసే ఏటీపీ నుంచి ఇనోసినేటు పుడతాయి. షోకుదో వంటవాడి నేర్పంతా వాటిని చెడగొట్టకుండా గిన్నెలోకి తేవడంలో ఉంటుంది.

పళ్లెంలో మొదటి స్థానం అన్నానిది. జపాన్ బియ్యపు గింజ పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. అన్నం మెతుకుకు మెతుకు అంటుకుంటుంది కాబట్టి చాప్‌స్టిక్స్‌తో ఎత్తడానికి వీలవుతుంది. బియ్యంలోని పిండిపదార్థంలో రెండు రకాల అణువులుంటాయి. అమైలోజ్ దాదాపు కొమ్మలు లేని పొడవాటి గొలుసు. అమైలోపెక్టిన్ విపరీతంగా కొమ్మలు వేసిన పెద్ద అణువు. అమైలోజ్ పాలు ఎక్కువైతే అన్నం పొడిపొడిగా విడుతుంది, చల్లారితే బిరుసెక్కుతుంది. జపానువాళ్లు ఇష్టపడే కోషిహికారి రకంలో అమైలోజ్ సుమారు 17 శాతం. సాంబ మసూరిలో అది 25 శాతానికి దగ్గరగా ఉంటుంది. షోకుదోలో బియ్యాన్ని బాగా కడిగి, అరగంట నానబెట్టి, కొలిచిన నీళ్లతో అత్తెసరు పెడతారు, గంజి వార్చరు. ఉడికేటప్పుడు గింజలోంచి బయటికి వచ్చిన అమైలోపెక్టిన్ ఆ కాస్త నీటిలో చిక్కబడి, నీరు ఇంకాక మెతుకు చుట్టూ పలచని పొరగా మిగులుతుంది. అన్నానికి మెరుపు, జిగురు చాలావరకు ఆ పొర వల్లే వస్తాయి. మంట తీసేశాక మూత తీయకుండా పది పదిహేను నిమిషాలు ఉంచడం తప్పనిసరి. గింజ అంచుల్లో ఉన్న తేమ నడిమికి చేరడానికి ఆ వ్యవధి కావాలి.

సాంబ మసూరికీ జపాన్ వరికీ చుట్టరికం ఉంది. 1950లలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థలో పొడిపొడి అన్నమిచ్చే ఇండికా, జిగురు అన్నమిచ్చే జపోనికా వరులను కలిపే పథకం నడిపింది. అందులో తైచుంగ్ 65 అనే జపోనికాకూ, మాయాంగ్ ఎబోస్ 80 అనే మలయా ఇండికాకూ పుట్టిన సంకరాన్ని మలేసియాలో ఎంపిక చేసి 1965లో మసూరి పేరుతో విడుదల చేశారు. తైచుంగ్ 65 జపాన్ పాలనలో ఉన్నప్పటి తైవాన్‌లో, జపాన్ రకాల నుంచే తయారైన వరి. ఆ మసూరిని ఒక జనకంగా తీసుకుని బాపట్ల పరిశోధన కేంద్రం రూపొందించిన బీపీటీ 5204 రకమే 1986లో విడుదలైన సాంబ మసూరి. కోట్లాది తెలుగువారు ఇష్టంగా తినే సన్నబియ్యంలో ఈ విధంగా జపాన్ వరి పాలు కొంత ఉంది. జిగురు మాత్రం ఇండికా వైపే నిలిచింది.

ఇక చారు. చూడటానికి ఒక చిన్న గిన్నెడే అయినా, తేషోకులో శాస్త్రం అంతా దాదాపు ఇందులోనే ఉంది. దీనికి ఆధారం దాషి అనే పలచని కషాయం. పద్ధతి ప్రకారం చేస్తే దాషికి రెండే సరుకులు కావాలి. ఒకటి కొంబు అనే సముద్రపు నాచు. జపాన్‌లో వాడే కొంబు ఎక్కువగా ఉత్తరాన ఉన్న హొక్కాయిదో తీరపు చల్లని నీళ్లలో పెరుగుతుంది. కోసి, ఎండబెట్టి, కొన్ని రకాలను చాలాకాలం నిలవ ఉంచి మరీ అమ్ముతారు. రెండోది కత్సుఓబుషి. కత్సుఓ అనే చిన్న జాతి టూనా చేపను సన్నటి సెగన ఉడికించి, ముళ్లు తీసి, కట్టెల పొగలో మళ్లీ మళ్లీ ఆరబెడతారు. మేలురకానికైతే ఆపైన బూజు పట్టించి ఎండలో పెట్టే పని చాలాసార్లు చేస్తారు. బూజు లోపలి తేమను లాగేస్తుంది, కొవ్వును విడగొడుతుంది. నెలల తర్వాత చేప ముక్క కర్రంత గట్టిపడుతుంది. దాన్ని చిత్రికలాంటి పనిముట్టు మీద రుద్ది, కాగితమంత పలచని పొరలుగా గీస్తారు.

కొంబులో గ్లూటమేటు అనే అమైనో ఆమ్ల లవణం ఏ మాంసకృత్తికీ అతుక్కోకుండా విడిగానే ఉంటుంది. మేలురకం కొంబు 100 గ్రాముల్లో అది 2 గ్రాములకు పైగా ఉంటుంది. అందువల్ల కొంబును మరిగించనక్కర్లేదు. చన్నీళ్లలో నానబెట్టి, నెమ్మదిగా వేడిచేసి, నీరు మరగబోయే ముందే తీసేస్తారు. మరిగితే నాచులోని జిగురు, ఒకరకమైన నీచు వాసన దిగుతాయి. కొంబు మీద కనిపించే తెల్లని పొడి ఎక్కువగా మానిటాల్ అనే తియ్యని పదార్థం. బూజనుకుని కడిగేస్తే రుచి కూడా కొంత కొట్టుకుపోతుంది. కొంబు తీసిన వేడినీటిలో కత్సుఓబుషి పొరలు వేసి, ఒకటి రెండు నిమిషాల్లో వడగడతారు. జపాన్‌లో నీళ్లు చాలాచోట్ల మెత్తనివి కావడం దాషికి కలిసివచ్చింది. నదులు పొట్టివి, వాలు ఎక్కువ, నీరు రాళ్లలోని సున్నాన్ని కరిగించుకునే లోపే సముద్రం చేరుతుంది. సున్నం ఎక్కువగా ఉన్న నీటిలో కాల్షియం నాచులోని ఆల్జినిక్ ఆమ్లంతో కలిసి గట్టిపడి, రుచి సరిగా దిగనివ్వదు.

ఈ కషాయంలో ఉన్నదేమిటో మొదట తేల్చిన శాస్త్రవేత్త టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర ఆచార్యుడు కికునే ఇకెదా. తీపి, పులుపు, ఉప్పు, చేదుల్లో దేనికిందకీ రాని రుచి దాషిలో ఉందని ఆయన గట్టిగా నమ్మారు. 1908లో సుమారు 12 కిలోల ఎండు కొంబు నుంచి 30 గ్రాముల గ్లూటామిక్ ఆమ్లాన్ని విడదీసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టారు. 1913లో ఆయన శిష్యుడు షింతారో కొదామా కత్సుఓబుషి రుచికి కారణం ఇనోసినేటు అని కనుగొన్నారు. 1950ల చివర అకిరా కునినాకా ఎండు షియిటాకే పుట్టగొడుగుల్లోని గ్వానిలేటును గుర్తించడమే కాక, అసలు రహస్యాన్ని కూడా బయటపెట్టారు. గ్లూటమేటు, ఇనోసినేటు కలిస్తే రుచి రెండింతలతో ఆగదు. రెంటినీ సమపాళ్లలో కలిపినప్పుడు ఉమామి 7, 8 రెట్లు పెరుగుతుందని తర్వాతి రుచి పరీక్షలు చూపాయి. కొంబును, కత్సుఓబుషిని వందల ఏళ్లుగా ఒకే గిన్నెలో వేస్తున్న వంటవాళ్లు నాలుక ఆధారంగానే ఈ సంగతి పట్టుకున్నారు.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియడానికి 21వ శతాబ్దం రావలసి వచ్చింది. నాలుక మీది రుచి కణాల్లో టీ1ఆర్1, టీ1ఆర్3 అనే రెండు మాంసకృత్తులు జతగా కలిసి ఉమామి గ్రాహకంగా పనిచేస్తాయని 2002లో తేలింది. ఆ గ్రాహకపు బయటి భాగం తెరిచి ఉన్న ముత్యపుచిప్పలా రెండు రేకులుగా ఉంటుంది. గ్లూటమేటు లోపలి మడత దగ్గర చేరితే రేకులు మూసుకుని, మెదడుకు సంకేతం వెళుతుంది. ఇనోసినేటు ఆ రేకుల అంచు దగ్గర కూర్చుని, మూసుకున్నది తెరుచుకోకుండా పట్టి ఉంచుతుంది. దానివల్ల తక్కువ గ్లూటమేటుకే సంకేతం బలంగా, ఎక్కువసేపు అందుతుంది. రుచి నాలుకను విడవకపోవడానికి ఇది ఒక కారణం. ఉమామి లాలాజలాన్ని కూడా ఎక్కువగా ఊరిస్తుంది.

ఇదేదో జపాన్ నాలుకకు మాత్రమే తెలిసిన రుచి కాదు. తల్లిపాలలో విడి గ్లూటమేటు ఆవుపాలలో కన్నా చాలా ఎక్కువ, కాబట్టి మనిషికి పుట్టగానే పరిచయమయ్యే రుచుల్లో ఉమామి ఒకటి. పండిన టమాటాలో గ్లూటమేటు పుష్కలంగా ఉంటుంది. రొయ్యల్లో ఇనోసినేటుకు దగ్గరి చుట్టమైన అడినిలేటు ఉంటుంది, అది కూడా గ్లూటమేటుతో చేయి కలుపుతుంది. కోస్తా ఇళ్లలో టమాటాతో ఎండు రొయ్యలు కలిపి వండే కూరకు అంత రుచి ఎందుకొస్తుందో దాషి చదివినవారికి వేరే చెప్పనక్కర్లేదు. మామూలు షోకుదోల్లో కత్సుఓబుషికి బదులు నిబోషి వాడటం కూడా ఎక్కువే. చిన్న చేపలను ఉడికించి ఎండబెట్టినవి నిబోషి. వాటిలో ఎక్కువగా వాడే చేప, ఆంధ్ర తీరంలో ఎండబెట్టే నెత్తళ్లు ఒకే కుటుంబానికి చెందినవి.

ఇకెదా కనిపెట్టిన పదార్థం 1909లోనే అజినొమోటో పేరుతో బజారుకు వచ్చింది. మొదట్లో గోధుమ మాంసకృత్తిని ఆమ్లంతో విడగొట్టి తీసేవారు. 1950ల మధ్యలో గ్లూటామిక్ ఆమ్లాన్ని విసర్జించే బ్యాక్టీరియా జపాన్‌లోనే దొరికాక, చెరకు మడ్డి వంటి తీపి సరుకులను పులియబెట్టి తయారు చేయడం మొదలైంది. 1968లో ఒక అమెరికా వైద్య పత్రికలో అచ్చయిన ఉత్తరంతో ఈ ఉప్పు తింటే ఒంట్లో నలత లక్షణాలు కనిపిస్తాయనే అనుమానం పుట్టి, ప్రపంచమంతా పాకింది. తినేవారికీ పెట్టేవారికీ అందులో ఏముందో తెలియకుండా జరిపిన పరీక్షల్లో, మామూలుగా ఆహారంలో వాడే మోతాదుకు ఆ లక్షణాలు నిలకడగా కనిపించలేదు. కొంబులోని గ్లూటమేటును, సీసాలోని గ్లూటమేటును శరీరం వేరుగా గుర్తించదు. దాషి పొడి వాడే షోకుదోలు చాలా ఉన్నాయి, అందులో సిగ్గుపడాల్సింది లేదు. అయితే పొడితో చేసిన దాషిలో ఉమామి వచ్చినంతగా పొగ, సముద్రం కలిసిన ఆ వాసన రాదు. తేడా అక్కడే తెలుస్తుంది.

దాషిలో కలిపే మిసోకు, చేప మీద చల్లే షోయు అనే సోయా సాస్‌కు, వంటలో వాడే మిరిన్ అనే తియ్యని మద్యానికి, పక్క బల్ల మీది సాకే అనే బియ్యపు మద్యానికి మూలం ఒకే బూజు. దాని శాస్త్రీయ నామం ఆస్పర్జిల్లస్ ఒరైజే, జపాన్‌లో కోజి బూజు అంటారు. ఆవిరి మీద ఉడికించిన బియ్యం మీద దీని బీజాలు చల్లి, వెచ్చగా, తేమగా ఉన్న గదిలో రెండు రోజులు ఉంచితే గింజలన్నీ తెల్లని నూగుతో కమ్ముకుంటాయి. బూజుకు నోరు లేదు. తిండిని బయటే జీర్ణం చేసుకుని పీల్చుకోవాలి. అందుకోసం అది రకరకాల ఎంజైములను విడుదల చేస్తుంది. అమైలేజులు పిండిపదార్థాన్ని చక్కెరలుగా, ప్రొటియేజులు మాంసకృత్తిని అమైనో ఆమ్లాలుగా విడగొడతాయి. మనిషి ఆ బూజును పెంచి, సరిగ్గా ఎంజైములు సిద్ధమయ్యే వేళకు ఉడికించిన సోయాలో, ఉప్పులో కలిపి దాని పెరుగుదలను ఆపేస్తాడు. బూజు ఆగినా ఎంజైములు ఆగవు. పీపాలో నెలల తరబడి సోయా మాంసకృత్తిని కోస్తూనే ఉంటాయి. తెగిన ముక్కల్లో గ్లూటమేటు పాలు ఎక్కువ. చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి నెమ్మదిగా ముదురు రంగు పదార్థాలుగా మారతాయి కాబట్టి, ఎక్కువకాలం మాగిన మిసో ఎర్రబారి, నల్లబడుతుంది. షోయులో బియ్యానికి బదులు వేయించిన గోధుమ ఉంటుంది. ఉప్పునీటిలో కనీసం ఆరు నెలలు మాగేటప్పుడు ఉప్పును తట్టుకునే బ్యాక్టీరియా, ఈస్ట్‌లు చేరి పులుపును, సువాసనను ఇస్తాయి.

కోజి బూజుకు దగ్గరి బంధువు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. వేరుశనగ కాయల్లో చేరి అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టించేది అదే. రాయలసీమ రైతుకు ఈ బెడద కొత్త కాదు. హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులోని ఇక్రిశాట్ దానిమీద ఏళ్లుగా పనిచేస్తోంది. కోజి బూజు మాత్రం అఫ్లటాక్సిన్ తయారు చేయదు. విషం లేని, ఎంజైములు మెండుగా ఉన్న బూజును తరతరాలుగా ఏరి, బీజాలను దాచి అమ్మే వృత్తివాళ్లు జపాన్‌లో మధ్యయుగాల నుంచే ఉన్నారు. సూక్ష్మదర్శిని చేతికి రాకముందే ఒక సూక్ష్మజీవిని పశువును మచ్చిక చేసినంత శ్రద్ధగా మచ్చిక చేసిన వాళ్ల పని, ఆలోచించేకొద్దీ అబ్బురం కలిగిస్తుంది. 2005లో ఈ బూజు జన్యుక్రమం పూర్తిగా చదివారు. 2006లో జపాన్ బ్రూయింగ్ సొసైటీ దీన్ని దేశపు బూజుగా ప్రకటించింది. ఇడ్లీ పిండి కూడా పులుస్తుంది గానీ, అక్కడ పనిచేసేది ముఖ్యంగా బ్యాక్టీరియా, అదీ ఒక్క రాత్రి. పిండి పొంగుతుంది, పులుస్తుంది, మాంసకృత్తులు మాత్రం మిసోలో తెగినంతగా తెగవు.

మిసోను దాషిలో కలిపాక మరిగించకూడదనేది వంటవాళ్ల నియమం. మాగుదలలో పుట్టిన సువాసన పదార్థాలు సులువుగా ఆవిరైపోతాయి కాబట్టి, మంట తగ్గించాకే మిసో కలుపుతారు. గిన్నెలోకి పోసిన చారును కదపకుండా చూస్తే మిసో రేణువులు మబ్బుల్లా గుంపులు కట్టి, గళ్లుగళ్లుగా పైకి లేస్తూ దిగుతూ కనిపిస్తాయి. పైపొర ఆవిరి వల్ల చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది, అడుగున ఉన్న వేడి ద్రవం పైకి వస్తుంది. ఫ్రెంచ్ భౌతిక శాస్త్రవేత్త ఆన్రీ బెనార్ 1900లో ప్రయోగశాలలో వర్ణించిన గళ్ల కదలిక ఇలాంటిదే. చారు గిన్నెలు సంప్రదాయంగా లక్క పూసిన చెక్కవి. చెక్క వేడిని నెమ్మదిగా పోనిస్తుంది కాబట్టి పొగలు కక్కే చారున్న గిన్నెను చేత్తో ఎత్తి నోటికి ఆనించుకోవచ్చు, చెంచా అక్కర్లేదు. చవక షోకుదోల్లో చెక్క స్థానంలో ప్లాస్టిక్ వచ్చింది, పని మాత్రం అదే.

కాల్చిన చేపల్లో సాబా ప్రసిద్ధం. తెలుగు తీరంలో దొరికే కానాగంతలకు ఇది దగ్గరి జాతి. ముక్కలకు ఉప్పు రాసి అరగంట ఉంచితే నీరు ఊరుతుంది, దాంతోపాటు నీచు వాసనకు కారణమైన ట్రైమిథైలమైన్ కొంత పోతుంది. ఆ తడిని ఒత్తి తుడిచేసి కాలుస్తారు. పక్కన నిమ్మజాతి కాయ ముక్క ఉంటుంది. పులుపులోని ఆమ్లం ట్రైమిథైలమైన్‌ను ఆవిరి కాని రూపంలోకి మారుస్తుంది కాబట్టి ముక్కుకు వాసన చేరదు. చేపల పులుసులో చింతపండు చేసే పని కూడా ఇదే. చేప మాంసంలోని రుచి వెనక కూడా అణువులు తెగడమే ఉంది. చేప చచ్చాక కండలోని ఏటీపీ మెట్టుమెట్టుగా విరిగి ఇనోసినేటుగా మారుతుంది. ఇంకా ఆలస్యమైతే అది ఇనోసిన్‌గా, హైపోగ్జాంథిన్‌గా విరిగిపోయి రుచి దిగజారుతుంది. ఈ చివరి రెండింటి పాలును కొలిచి చేప తాజాదనాన్ని అంకెలో చెప్పే పద్ధతిని జపాన్ పరిశోధకులు 1959లో ప్రతిపాదించారు. దాన్ని కె విలువ అంటారు. అది 20 శాతం లోపు ఉన్న చేపను పచ్చిగా తినడానికి మేలైనదిగా లెక్కిస్తారు. పట్టిన చేప గిలగిల కొట్టుకుంటే ఏటీపీ వృథాగా ఖర్చయిపోతుంది. అందుకని పట్టగానే మెదడును పొడిచి, వెన్నుపాములోకి తీగ దూర్చే పద్ధతి ఒకటి ఉంది.

పచ్చి చేప ముక్కలు, అంటే సాషిమి, ఉన్న తేషోకులో జాగ్రత్తలు వేరు. సాబా, స్క్విడ్ వంటి వాటిలో అనిసాకిస్ అనే నులిపురుగు పిల్లలు ఉండవచ్చు. మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌లో 24 గంటలు గడ్డకట్టిస్తే అవి చస్తాయి. వెనిగర్‌లో నానబెట్టినా, వాసాబి అద్దినా చావవు. టూనాకు ఇంకా చలి కావాలి. మామూలు ఫ్రీజర్‌లో దాని ఎర్రని మయోగ్లోబిన్ ఆక్సీకరణ చెంది గోధుమరంగు తిరుగుతుంది కాబట్టి, మైనస్ 60 డిగ్రీల దరిదాపుల్లో నిలవ చేస్తారు. సాషిమి పక్కన పెట్టే పచ్చని ముద్ద చాలాచోట్ల అసలు వాసాబి కాదు, హార్స్‌రాడిష్ అనే దుంపకు రంగు కలిపినది. రెంటిలోనూ ఘాటు ఒకే అణువుది, అల్లైల్ ఐసోథయోసయనేటు. దుంపను తురిమినప్పుడు కణాలు చిట్లి, అంతవరకు విడివిడిగా ఉన్న సినిగ్రిన్ అనే పదార్థం, మైరోసినేజ్ అనే ఎంజైము కలిస్తేనే అది పుడుతుంది. ఆవపిండి నీళ్లు తగలగానే ఘాటెక్కేది కూడా ఈ చర్య వల్లే. ఆవకాయ జాడీ మూత తీయగానే ముక్కు పుటాలను తాకేది ఆ అణువే. తొందరగా ఆవిరై ముక్కుకు ఎక్కుతుంది, మిరప ఘాటులా నాలుక మీద నిలవదు.

వేపుళ్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. టెంపురా అనే పిండిపూత వేపుడుకు పిండిని ఐసునీళ్లతో, ఉండలు మిగిలేలా పైపైన కలుపుతారు. చల్లదనం వల్ల, తక్కువ కలపడం వల్ల గోధుమలోని గ్లూటెన్ సాగే వలగా అల్లుకోదు, పూత సాగకుండా పెళుసుగా విరుగుతుంది. ఇక పింగాణీ గిన్నెలోని టోఫూ సోయా పాలను మెగ్నీషియం క్లోరైడ్ వంటి లవణంతో గడ్డకట్టించినది.

పళ్లెంలో అన్నిటికన్నా చిన్న గిన్నె ఊరగాయది. అందులో నుకాజుకే అనే రకం మీద నిలిచి మాట్లాడటం న్యాయం. తవుడులో ఉప్పు, నీళ్లు కలిపి పాన్పులా చేసి, అందులో దోసకాయ, ముల్లంగి, వంకాయ వంటివి ఒకటి రెండు రోజులు పూడ్చి ఉంచుతారు. లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా పులుపు ఇస్తుంది. తవుడు పాన్పును రోజూ చేత్తో తిరగేయాలి. లేకపోతే పైన ఈస్ట్‌లు తెట్టు కడతాయి, గాలి తగలని అడుగున దుర్వాసన పుట్టించే బ్యాక్టీరియా బలపడుతుంది. ఊరే కాలంలో తవుడులోని బి1 విటమిన్ కూరగాయల్లోకి దిగుతుంది. జపాన్ చరిత్రలో ఇది చిన్న విషయం కాదు. టోక్యోకు ఎదో అనే పాత పేరున్న కాలం నుంచి అక్కడ తెల్లగా దంచిన బియ్యం అలవాటైన కొద్దీ, బి1 లోటు వల్ల వచ్చే బెరిబెరి జబ్బు విజృంభించింది. 1882-83లో ర్యూజో అనే శిక్షణ నౌక సుదీర్ఘ ప్రయాణంలో 169 మంది నావికులకు ఆ జబ్బు సోకి, 25 మంది చనిపోయారు. నౌకాదళ వైద్యుడు కనెహిరో తకాకి 1884లో త్సుకుబా అనే నౌకను అదే దారిన, ఆహారం మార్చి పంపితే ఒక్క బెరిబెరి మరణమూ లేకుండా తిరిగి వచ్చింది. 1910లో ఉమెతారో సుజుకి తవుడు నుంచి ఆ జబ్బును కుదిర్చే పదార్థాన్ని వేరుచేశారు. అప్పట్లో ఉత్తర సర్కారులు అని పిలిచిన కోస్తా ఆంధ్ర కూడా ఈ జబ్బుకు పేరుపడిన ప్రాంతమే. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో బెరిబెరి తక్కువగా, మరపట్టిన పచ్చిబియ్యం తినే సర్కారు జిల్లాల్లో ఎక్కువగా ఉండేది. వడ్లను ఉడికించినప్పుడు పైపొరలోని బి1 గింజ లోపలికి ఇంకుతుంది. జపాన్‌లో తవుడు ఊరగాయ ఆ లోటును కొంతవరకు పూడ్చింది.

తేషోకుకు ఉన్న పెద్ద లోపం ఉప్పు. మిసో, షోయు, ఊరగాయ, ఉప్పు చేప, నాలుగూ ఒకే పళ్లెంలో చేరతాయి. ఎంజైములు నెలల తరబడి పనిచేస్తున్నంత కాలం చెడు సూక్ష్మజీవులను దూరంగా ఉంచేది ఉప్పే కాబట్టి, తయారీలో దాన్ని ఇష్టం వచ్చినట్టు తగ్గించడం కుదరదు. ఒక్క గిన్నె మిసో చారులోనే సుమారు గ్రామున్నర వరకు ఉప్పు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉండాలంటుంది. జపాన్ ప్రభుత్వం 2020లో పెద్ద మగవారికి 7.5 గ్రాములు, ఆడవారికి 6.5 గ్రాములు హద్దుగా పెట్టింది. ప్రజలు తింటున్నది సగటున 10 గ్రాముల దాకా ఉంటోంది. దీనికి కొంత విరుగుడు దాషిలోనే ఉంది. ఉమామి బలంగా ఉన్న చారులో ఉప్పు కొంత తగ్గించినా తినేవారికి రుచి తగ్గినట్టు తెలియదని జపాన్‌లో 1980ల నుంచి పరీక్షలు చూపుతున్నాయి. దాషి చిక్కగా తీసి, మిసో తక్కువ కలపడం, అదే గిన్నెలో కూరగాయ ముక్కలు ఎక్కువ వేసి చారు పాలు తగ్గించడం వంటివి ఈ లెక్క మీదే సాగుతాయి. షోయును వంటకం మీద ఒంపకుండా చిన్న గిన్నెలో పోసుకుని ముక్క అంచును మాత్రం అద్దుకునే వారికి, నాలుకకు ముందుగా తగిలేది ఆ అంచే కాబట్టి, కొద్ది చుక్కలతోనే పూర్తి రుచి అందుతుంది.